తాడు బిగువు

రోజు 1. కొరత తొమ్మిది.

నేను గరికిన పైడయ్యని. ఏడో పంటుకి, అంటే నీళ్ళ మీద తేలే మా ఊరికి, తాడు పట్టేవాణ్ణి. తాడు పట్టినవాడు తాడు పుస్తకం తన చేత్తోనే రాయాలని మా కట్టుబాటు. రాగి కోసం ములిగిన ఊళ్ళలోకి మనుషులు దిగే రోజుల నుంచీ ఉంది. ఎవరు దిగారు, ఎన్ని బారలు దిగారు, ఎప్పుడు లాగాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే రాశాను. నా తాడుకి కట్టిన మనిషిని ఒక్కణ్ణి కూడా సముద్రానికి ఇచ్చి రాలేదు. అది ముందే రాసి పెడుతున్నాను, తరవాత ఎవరూ అడగకుండా.

ఇప్పుడు అడుగున రాగి అయిపోయింది. తాడు మిగిలింది. పెద్ద ఓడ మీద జూదపు బల్ల ముందు కూర్చునేవాళ్ళకి పడుతున్నాను.

వానలకి నలభై రోజులుంది. పంటులో అరవై ఇద్దరం. ఒక బిళ్ళ ఇస్తే ఓడవాళ్ళ నీళ్ళ పడవ పంటు మొత్తానికి ఒక రోజు మంచినీళ్ళు పోస్తుంది, ఓడ లేకపోయినా అది రోజూ వస్తుంది. మా దగ్గర ముప్పై ఒక్క బిళ్ళలున్నాయి. తొమ్మిది రోజులకి నీళ్ళు లేవు. ఓడ నాలుగు రోజులకొకసారి మా పక్కకి వస్తుంది. ఈ ఎండల్లో ఐదుసార్లు వచ్చి, ఆ తరవాత లోతు సముద్రంలోకి పోతుంది. ఆ ఐదుసార్లలోనే తొమ్మిది బిళ్ళలు గెలవాలి.

ఆడేది ముత్యాలు, నా చెల్లెలి కూతురు. కన్ను చురుకు, చెయ్యి ఇంకా చురుకు. దాని తండ్రి కొర్లయ్య ఒకప్పుడు నా తాడు మీద దిగినవాడే. ఒకసారి నేను గబుక్కున లాగితే ఎడమ చెవి పగిలింది. బతికాడు కదా అంటాను నేను. చెవుడొచ్చింది కదా అంటాడు వాడు. పాతికేళ్ళుగా ఇదే మాట.

కోతముక్క ఆట తెలియనివాళ్ళుండరు. నడుమ ఒక ముక్క వేస్తారు. తరవాత లోనకి ఒకటి, బయటికి ఒకటి వేసుకుంటూ పోతారు. నడుమ ముక్కకి జత ఏ పక్కన ముందు పడితే ఆ పక్క గెలుపు, పెట్టినన్ని బిళ్ళలు వస్తాయి. ఓడ మీద ఇనుప చెయ్యి వేస్తుంది, రెప్ప వేసేలోగా ఆట తేలిపోతుంది. గంట మోగేసరికి ఆడే మనిషి చెయ్యి లోన గుర్తు మీదో బయట గుర్తు మీదో ఉండాలి. రెండిటి మీదా లేకపోతే, కిందటిసారి పెట్టిన పక్కే, పెట్టినదానికి రెండింతలు పెట్టినట్టు తీసుకుంటుంది బల్ల. తోచక చెయ్యి గాల్లో ఉంచినవాడి కొంప అలాగే ములుగుతుంది.

ఆడే మనిషి మణికట్టుకి తాడు కడతాం. బల్ల అంచున ఇత్తడి కడియం ఉంది. దానిలోంచి వచ్చిన తాడు మూడు బారల వెనక కూర్చున్న నా చేతికి చేరుతుంది. కూర్చున్న మనిషి చాలు అంటే చెల్లదు, తాడు లాగితేనే చెల్లుతుంది. ఈ చట్టం మేమే పోట్లాడి రాయించుకున్నాం. అడుగున రాగి కనబడ్డవాడికి ఊపిరి సంగతి గుర్తుండదు. బల్ల ముందు కూర్చున్నవాడూ అంతే. అందుకే ఎక్కడ ఆపాలో పంటు మీదే అనుకుని, తాడుకి ముడులేసుకుని మరీ వెళతాం. ఓటమికి మూడు ముడులు, గెలుపుకి నాలుగు. మూడు బిళ్ళలు పోయినా లాగుతాను. నాలుగు వచ్చినా లాగుతాను. ఒక ఆట తేలాక, మళ్ళీ గంట మోగేలోపు లాగాలి; మోగాక లాగితే ఆ ఆట కూడా అయ్యాకే చెల్లుతుంది.

ఓడ గుమాస్తా ఫణీంద్ర ఆటకి ముందు ప్రతిసారీ కాగితం చదువుతాడు. "తాడు బిగువు తప్పిన క్షణమే ఆట ముగిసినట్టు. అప్పటి లెక్కే చివరి లెక్క. తాడు పట్టినవారి పేరు ఓడ పేర్ల పుస్తకంలో కొట్టివేయబడుతుంది."

"ఎవురికి బాబూ ఇది సదవతారు?" అన్నాను.

"నిబంధన తాతగారూ. వెనక కూర్చున్నవారికి కళ్ళు తిరగవచ్చు, గుండె ఆగిపోవచ్చు."

"నా గుండె ఆగినా సెయ్యి ఆగదు. కాగితం దాచుకోండి."

ముత్యాలు నవ్వింది. దానికి తెలుసు. మా పంటుల్లో ఎంత కోపమొచ్చినా అనకూడని తిట్టు ఒకటే, తాడు ఒగ్గేసినోడు అని. మూడో పంటులో సన్యాసి అని ఒకడుండేవాడు. చేతికి గాలం దిగి తాడు వదిలేశాడు. దిగిన మనిషి ఎలాగో బతికి పైకొచ్చాడు. అయినా సన్యాసి చచ్చేదాకా, పదిహేడేళ్ళు, వాడి చేతి నీళ్ళు ఎవరూ ముట్టలేదు.

ఇవాళ నాలుగు గెలిచింది. లాగాను. ఆటకీ గంటకీ నడుమ ఆరు అంకెలు నడిచాయి. గింజలు కొలిచినట్టు లాభం, రెండు, మూడు అని నోట్లో లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు. కొరత ఐదు.

రోజు 5. కొరత ఎనిమిది.

మూడు పోయాయి. మూడో ముడికి లాగాను. గంట ఐదు అంకెలకే మోగింది. నేను నాలుగు మీద లాగాను కాబట్టి సరిపోయింది. కిందటిసారి ఆరు. రాసి పెట్టుకున్నాను.

వచ్చేటప్పుడు పడవలో ముత్యాలు, "మావయ్యా, ఇంకొక్కటి ఆడనిచ్చుంటే తిరిగేది" అంది.

"అడుగున ఉన్నోళ్ళందరూ అదే అన్నారు. ఇంకొక్క తీగ అని."

"నాను అడుగున లేను కదా."

"అనుకుంటన్నావు."

రోజు 9. కొరత పదమూడు.

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

రెండు పోయాయి, మూడోదీ పోయింది. ఎర్ర దీపం మూడోసారి వెలగడం చూశాను. లాభం, రెండు. మూడు అనే లోపు లాగాను. అప్పటికే గంట మోగుతోంది. ముత్యాలు చెయ్యి అప్పుడే బయట గుర్తు మీద పెట్టింది. నా లాగుడుకి చెయ్యి లేచి గాల్లోకి వచ్చింది. చెయ్యి గాల్లో ఉంటే రెండింతలు. ఆ రెండూ పోయాయి. నేను లాగకుండా ఊరుకుని ఉంటే ఒకటే పోయేది, లేదా వచ్చేది. నా తాడే దాని చెయ్యి పట్టి ముంచింది.

బల్ల మోసం చేసిందని అక్కడే అరిచాను. ఫణీంద్ర గాజు పలక మీద ఏదో చూసి, "గంట సమయానికే మోగింది తాతగారూ. మీ తాడే ఆలస్యంగా కదిలింది" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మెల్లగా, జాలిగా అన్నాడు. ఆ జాలికి నాకు ఒళ్ళు మండింది.

పంటు మీద ఎవరూ నా మొహాన ఏమీ అనలేదు. నీళ్ళు పంచేటప్పుడు మాత్రం వెనక నుంచి వినబడింది. ముసలోడికి సెయ్యి అయిపోయింది, ఇంకెవురికైనా ఇస్తే బాగున్ను అని. నాకు చెవుడు లేదని వాళ్ళకి తెలుసు.

నా చెయ్యి అయిపోలేదు.

రోజు 11. కొరత పదమూడు.

అయిపోయిందో లేదో చూద్దామన్నాడు కొర్లయ్య. చేపలు ఎండబెట్టే వెదురుబద్ద తెచ్చాడు. దానికి జానెడుకి ఒకటి చొప్పున మసిబొట్లు పెట్టాడు. పైన వాడు పట్టుకుంటాడు. కింద నేను వేళ్ళు తెరిచి ఉంచాలి. వాడు వదలగానే పట్టుకోవాలి.

"కుర్రతనంలో నువ్వు మొదటి బొట్టు కాడ పట్టీవోడివి బావా. నా చెవి పోయిన రోజు అయితే బొట్టు కంటే ముందే పట్టీసినావు" అన్నాడు.

"ఇప్పుడు వదులు. మాటలు తరవాత."

మొదటిసారి రెండో బొట్టు కింద పట్టాను. రెండోసారి మూడో బొట్టు. మూడోసారి బద్ద నా వేళ్ళలోంచి జారి కాలి మీద పడింది.

కొర్లయ్య నవ్వలేదు. వాడు నవ్వి ఉంటే బాగుండేది. బద్ద తీసి పక్కన పెట్టి, "వయసు బావా. నాకు చెవి, నీకు సెయ్యి" అన్నాడు.

"నీ చెవి వయసుకి పోనేదు. నాను పగలగొట్టినాను. పోల్చకు."

నా చెయ్యి నెమ్మదించింది. ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను. ఇంకెక్కడా చెప్పను.

కానీ ఒక సంగతి పట్టి పీడిస్తోంది. చెయ్యి నెమ్మదిస్తే నేను నెమ్మదిగా లాగుతాను, నిజమే. మొదటిరోజు గంటకి ఆరు అంకెలు, అయిదోనాడు ఐదు, తొమ్మిదోనాడు మూడు కూడా నిండలేదు. నా చెయ్యి ముసలిదైతే గంట ఎందుకు కుర్రదవుతోంది?

రోజు 13. కొరత పదకొండు.

కొర్లయ్యని వెంట తీసుకెళ్ళాను. వాడికి గంట సరిగా వినబడదు కానీ గంట మోగగానే బల్ల మీద తెల్లదీపం వెలుగుతుంది, అది చూస్తాడు. ప్రతి ఆటకీ నడుమ ఎన్ని అంకెలు నడుస్తున్నాయో వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టమన్నాను.

నాలుగు గెలిచింది. నా ఒళ్ళంతా చేతిలోకి వచ్చింది. లాభం అనగానే లాగాను. అయినా గంట ముందే మోగింది. ముత్యాలు చెయ్యి లేచిపోయింది. రెండింతలు పోయాయి. నాలుగులో రెండు మిగిలాయి.

తిరుగు పడవలో కొర్లయ్య వేళ్ళ కణుపులు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. తరవాత అన్నాడు.

"బావా, మిగతా ఆటలన్నిటికీ ఐదేసి. ఒక్క కడాపరి ఆటకి, నువ్వు లాగినదానికి, ఒకటిన్నర."

"అంటే?"

"నువ్వు లాగనప్పుడు గంటకి తొందర నేదు. నువ్వు లాగబోయినప్పుడే తొందర."

"నాను లాగబోతన్నానని దానికెవురు సెప్పినారు? నా మొహం దానికి కనబడదు. ముత్యాలు మొహానికి గుడ్డ ఉంది, చేతులకి తొడుగులున్నాయి."

అది నిజం. పాత రోజుల్లో బల్ల మనిషి మొహం చూసి, చెమట చూసి ఆడుతోందని అన్ని పంటులవాళ్ళూ గోల చేశారు. అప్పటి నుంచి ఆడేవాళ్ళు మొహానికి గుడ్డ కట్టుకుంటారు. బల్లకి కనబడేది ఏదీ మనిషి దగ్గర మిగల్లేదు.

ముత్యాలు మణికట్టు మీద తాడు ఒరుసుకున్న మరక నిమురుకుంటోంది. నీళ్ళకేసి చూస్తూ అంది. "మావయ్యా, నాకు తెలుస్తాది."

"ఏటి తెలుస్తాది?"

"నువ్వు లాగబోతన్నావని. లాగే ముందు తాడు బిర్రబిగుస్తాది. నీ సెయ్యి వొణుకుతాది. అదంతా నా మణికట్టు కాడికి వొస్తాది. నాకొచ్చినప్పుడు నడుమనున్న కడియానికి రాదా?"

నేను తాడు చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. 

తాడు బిగువుగా పట్టడం నాకు మా నాయన నేర్పాడు. వదులు తాడు పట్టినవాడికి అడుగున మనిషి చచ్చాడో బతికాడో తెలియదనేవాడు. బిగువుగా పడితే పన్నెండు బారల కిందున్నవాడి గుండె కూడా మన బొటనవేలికి తెలుస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళు నేను గొప్పగా చెప్పుకున్నది అదే. ఇప్పుడు అదే తాడు నా గుండెని తీసుకెళ్ళి బల్లకి చెబుతోంది. మేం పోట్లాడి తెచ్చుకున్న తాడు.

రోజు 14. కొరత పదకొండు.

ఓడ ఇంకా కనుచూపు దూరంలోనే ఉంటే, చిన్న పడవలో ఒక్కణ్ణే వెళ్ళి ఫణీంద్రని అడిగాను. కడియం తాడు బిగువు చూస్తోందా, చూసి గంట కొడుతోందా అని.

అబద్ధం చెప్పలేదు. అది మెచ్చుకోవాలి. "బల్ల తనకి తెలిసినదాన్నంతా వాడుకుంటుంది తాతగారూ. దాన్ని అలాగే తయారుచేశారు. కడియం ఎందుకు పెట్టారంటే, తాడు వదులైతే వెంటనే ఆట ఆపాలి కదా, అందుకు. బిగువు తెలియకపోతే వదులు ఎలా తెలుస్తుంది?"

"మరి గంట?"

"ఎంతసేపటికి మోగాలని చట్టంలో ఎక్కడా లేదు. మీవాళ్ళు అడగలేదు."

మేం అడగలేదు. తాడు అడిగాం. గుడ్డ అడిగాం. గంట అడగలేదు.

"వదులుగా పట్టుకుంటే?" అన్నాను.

"వదులైతే ఆట ముగుస్తుంది. మీ పేరు పోతుంది. ప్రతిసారీ చదువుతూనే ఉన్నాను, మీరే దాచుకోమన్నారు."

రోజు 15. కొరత పదకొండు.

పంటు మొత్తం కూర్చుంది. ఇక ఒక్కసారే ఉంది. పదకొండు కావాలి. నాలుగు గెలుపు ముడులతో ఒక్కసారికి పదకొండు రావు. చెంబులు తగ్గించుకుందామని కొందరన్నారు. ఇప్పటికే మనిషికి రోజుకి మూడు చెంబులు. రెండు చేస్తే ఈ ఎండకి ముందు పోయేది ముసలివాళ్ళూ చంటిపిల్లలూ. పంటులో చంటిపిల్లలు ఐదుగురు. ఆ మాట తరవాత ఎవరూ చెంబుల సంగతి ఎత్తలేదు.

ముత్యాలు లేచింది. "ముడులు వొద్దు. ముడి నేని తాడు కట్టండి. పదకొండు వొచ్చీదాకా ఆడతాను."

"ముడి నేని తాడు నాను పట్టను" అన్నాను.

"ఎందుకు పట్టవు?"

"కూకున్నాక నీకు బుర్ర ఉండదు. నాకూ ఉండదు. బుర్ర ఉన్నప్పుడే అనుకోవాల. ఇప్పుడు సెప్పు, ఎంత పోతే రావాల?"

చాలాసేపు తగువయింది. చివరికి ఓటమికి ఆరు, గెలుపుకి పదకొండు ముడులన్నారు. ఒక్కో ఆటకి ఎన్ని బిళ్ళలు పెట్టాలో దాని ఇష్టానికి వదిలారు.

అప్పుడు పోలినాయుడు అన్నాడు. నా కంటే పదేళ్ళు చిన్నవాడు. "ముడులు సరే. లాగడం ఎవురు? పదకొండు వొచ్చీసరికి పెద్ద పందెం మీద ఉంటాది. అప్పుడు గాని లాగడం లేటయితే రెండింతలు పోతాయి. వొచ్చినవన్నీ ఊడ్చుకుపోతాయి."

అందరూ నా చేతులకేసి చూశారు.

"నానే పడతాను" అన్నాను.

"సెయ్యి సాగుతాదా మావా?"

"నా సెయ్యి సంగతి నాకు తెలుసు. నాను పట్టిన తాడు ఇంకొకడు పట్టాలంటే నన్ను నీళ్ళలోకి తోసి తీసుకోండి."

ఎవరూ తోయలేదు. కానీ నమ్మనూ లేదు. ముత్యాలు నమ్మిందా అంటే చెప్పలేను. నా కేసి చూసి తల పక్కకి తిప్పుకుంది.

రోజు 16. కొరత పదకొండు.

పొద్దుటి నుంచీ చేపలకి ఉప్పు రాస్తూ కూర్చున్నాను. చేతులకి పని ఉంటే తల పనిచేస్తుంది. మధ్యాహ్నానికి ఒకటి అనుకున్నాను.  అన్నం సయించలేదు.

ఏం అనుకున్నానో ఇక్కడ రాయను. కొర్లయ్యకి చెప్పలేదు. ముత్యాలుకి అసలే చెప్పకూడదు. దానికి తెలిస్తే దాని మణికట్టుకి తెలుస్తుంది. మణికట్టుకి తెలిస్తే కడియానికి తెలుస్తుంది. రేపు ఆ సమయం వచ్చేసరికి నేను ఏమీ ఆలోచించకూడదు. ఆలోచన అంతా ఇవాళే అయిపోవాలి.

వెదురుబద్ద తీసి ఒక్కణ్ణే చూసుకున్నాను. పట్టుకోవడం కాదు. పట్టుకున్న బద్దని వదలడం. ఎన్నిసార్లు చేసినా చెయ్యి వణకలేదు.

రోజు 17. కొరత లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దెక్కాక ఓడ ఎక్కాం. ఫణీంద్ర కాగితం చదివాడు. ఈసారి నేను ఏమీ అనలేదు, చివరిదాకా విన్నాను. కొర్లయ్య నా పక్కన కూర్చున్నాడు. పంటువాళ్ళు పదిమంది వెనక నిలబడ్డారు.

మొదటి ఆటకి ఒకటి పెట్టింది, పోయింది. రెండో ఆటకి రెండు, పోయాయి. వెనక ఎవరో మూలిగారు. మూడు ముడులు పోయాయి, ఇంకో మూడు పోతే ఈ ఏటికి అంతే. మూడు పెట్టింది.  లోన పడింది. గెలిచింది. లెక్క మొదటికొచ్చింది.

తరవాత రెండు పెట్టి గెలిచింది. మూడు పెట్టి గెలిచింది. చేతిలో ఐదు.

ఇక్కడ ముత్యాలు ఆగింది. లాభం, రెండు, మూడు. చెయ్యి గాల్లోనే ఉంది. ఇంకా ఆరు కావాలి. చిన్నచిన్నగా పెట్టుకుంటూ పోవచ్చు, ఒక్కసారే పెట్టనూవచ్చు. దాని గుండె నా బొటనవేలి కింద కొట్టుకుంటోంది. నాలుగు. గంట ఇప్పుడో ఇంకాసేపటికో. చెయ్యి గాల్లో ఉండగా మోగితే, పెట్టకుండానే ఆరు పెట్టినట్టవుతుంది, అదీ కిందటిసారి పెట్టిన పక్కకే. అది వద్దు. పెడితే నువ్వే పెట్టు పిల్లా, అనుకున్నాను. నోరు విప్పకూడదు.

బయట గుర్తు మీద చెయ్యి పడింది. ఆరు బిళ్ళలు. గంట మోగింది.

ఇనుప చెయ్యి ముక్కలు వేసింది. లోన, బయట, లోన, బయట, లోన. ఎన్ని వేసిందో నాకు తెలియదు. పచ్చదీపం వెలిగింది. పదకొండు.

వెనకవాళ్ళు, "లాగు! లాగు!" అని అరిచారు. కొర్లయ్య నా భుజం పట్టుకున్నాడు. లాగితే ఏమవుతుందో వాడికి తెలుసు. కండ బిగిసేలోపే కడియానికి తెలుస్తుంది, గంట మోగుతుంది, చెయ్యి లేస్తుంది. ఆరుకి రెండింతలు పన్నెండు. ఆ ఆట పోతే పదకొండూ పోయి ఇంకొకటి ఎదురు పోతుంది.

లాగడానికి బలం కూడగట్టుకోవాలి. వదలడానికి ఏమీ కూడగట్టుకోనక్కర్లేదు.

వేళ్ళు తెరిచాను.

తాడు నా అరచేతిలోంచి జారి చెక్క మీద పడింది. చప్పుడు పెద్దగా లేదు. బల్ల మీద దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఇనుప చెయ్యి ముక్క పట్టుకుని గాల్లోనే ఆగిపోయింది.

ముత్యాలు కేక పెట్టింది. గెలిచిన కేక కాదు. అలాంటి కేక నేను ముప్పై ఒక్క ఏళ్ళలో వినలేదు, ఎందుకంటే నా తాడు మీద ఉన్నవాళ్ళెవరికీ అలా అరవాల్సిన అవసరం రాలేదు. కుర్చీలోంచి పడింది. మొహం మీద గుడ్డ లాగేసుకుని, మణికట్టు పట్టుకుని, వెనక్కి తిరిగి నన్ను చూసింది. నా చేతులు ఖాళీగా ఉన్నాయి.

 వెనక నిలబడ్డ పోలినాయుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అప్పటి లెక్కే చివరి లెక్క. అవునా బాబూ?" అన్నాను.

ఫణీంద్ర పలక చూశాడు.  "అవును. పదకొండు" అన్నాడు. తరవాత లోపలి నుంచి పేర్ల పుస్తకం తెప్పించి, నా ఎదురుగానే నా పేరు మీద అడ్డంగా గీత గీశాడు. గీత సన్నంది. కింద పేరు చదవడానికి వీలుగానే ఉంది.

రోజు 18.

ఇవాళ్టిది ఇచ్చాక బిళ్ళలు ఇరవై రెండు. ఇక మిగిలిన రోజులు ఇరవై రెండు. సరిపోయాయి.

పంటుకి మొదటి చెంబు పోసేది తాడు పట్టేవాడు. ఇవాళ పొద్దున్న పోలినాయుడు పోశాడు. నా వంతు వచ్చినప్పుడు నా గిన్నె కింద పెట్టమని సైగ చేశాడు. పెట్టాను. పైనుంచి పోశాడు. చెంబు నా గిన్నెకి తగలనివ్వలేదు. పోస్తున్నంతసేపూ వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. గిన్నెలో పడే నీళ్ళు ఎవరి వల్ల వచ్చాయో వాడికి తెలుసు. కట్టుబాటూ తెలుసు. వాడి మీద నాకు కోపం లేదు. వాడి చోట నేనుంటే ఇంకా ఎత్తు నుంచి పోసేవాణ్ణి.

కొర్లయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చెవుడున్న వైపు నాకు పెట్టి కూర్చున్నాడు, నేను ఏమన్నా వినబడనట్టు.

"నాకైనా సెప్పుండాల్సింది" అన్నాడు.

"సెప్తే ఏటి సేసీవోడివి?"

"వొద్దనీవోణ్ణి."

"అందుకే."

రోజు 21.

ముత్యాలు నాలుగు రోజుల తరవాత నా దగ్గరికి వచ్చింది. మెప్పు కోసం చూశాను. అబద్ధమెందుకు, చూశాను.

"మావయ్యా, పదకొండూ వొచ్చినాయి. మంచిదే. కానీ ఆ తాడు జారిపోయినప్పుడు నాకెలాగుందో తెలుసా? పైన ఎవురూ నేరు అనిపించింది. అడుగునుండిపోయినాను అనిపించింది. నిద్దట్లో ఇప్పుడూ వొస్తంది."

 ఆట ఆపడానికి అన్నాను. తెలుసు అంది. తెలిసినా మణికట్టు మరిచిపోవడం లేదంది. లేచి వెళ్ళిపోయింది.

అది నిజమే. నేను వదిలాను. మంచికే వదిలాను, అయినా వదిలాను. రెండూ ఈ పుస్తకంలో ఉండాలి.

రోజు 32.

ఎండ. చెప్పుకోవడానికి ఏమీ లేదు. బిళ్ళలు ఎనిమిది. మబ్బు లేదు. వానలు నలభయ్యో రోజుకి వస్తాయన్నది ఓడవాళ్ళ మాట. రాకపోతే ఏం చెయ్యాలో ఎవరూ అనుకోలేదు. నేను అనుకుందామంటే నా మాట ఇప్పుడు ఎవరూ అడగరు.

రోజు 39.

ఆఖరి బిళ్ళ రేపటికి. దక్షిణాన ఒక చారిక. వేరే పంటు మీద చేపలు కాల్చే పొగో, మబ్బో తెలియదు. కొర్లయ్య మబ్బంటాడు. వాడికి చెవి లేదు కానీ కళ్ళున్నాయి. పొద్దు గూకేదాకా ఇద్దరం దానికేసే చూశాం. కదల్లేదు.

రోజు 40.

పొద్దున్నే ఆఖరి బిళ్ళ ఇచ్చేశారు. మధ్యాహ్నానికి గాలి మారింది. ఆ తరవాత పడింది.

అందరూ ఉన్న గిన్నెలన్నీ పైకి తెచ్చి పరిచారు. నేను నా గిన్నె చివరన, ఎవరి గిన్నెకీ తగలకుండా పెట్టుకుని, నిండేదాకా పక్కన నిలబడ్డాను. నిండింది. రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను.

ముత్యాలు అందరి మధ్యలోంచి తడుచుకుంటూ వచ్చింది. తన చెంబు నా చేతుల్లో ఉన్న గిన్నెలోనే ముంచింది. చెంబు గిన్నె అంచుకి తగిలి చప్పుడైంది. పోలినాయుడు చూశాడు. పంటంతా చూసింది. అది చెంబెత్తి సగం దాకా తాగి, మూతి తుడుచుకుంది.

"ఉప్పగా ఉన్నాయి మావయ్యా. గిన్నె కడగనేదా?"

"కడిగినాను. నోరు మూసుకుని తాగు."